డబ్బా మీద పేరు

ఏజెన్సీ అంచున ఉన్న మా వంటి ఊళ్ళలో ఒక ఇంటికి బండి ఉన్నదంటే అది ఆ యింటివారి ఒక్కరి బండి కాదు. మాది మారుతి ఓమ్నీ, 2009 మోడల్. పదిహేనేండ్లు నిండినప్పుడు పరీక్ష చేయించి, మరల అయిదేండ్లకు రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించుకొన్నాము. తోటలోని జీడిపిక్కలు, పిల్లల స్కూలు సంచులు, నెలకు రెండుసార్లు రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళే మా అమ్మ, ఆదివారము ఆరాధనకు నడిచి రాలేని పెద్దవారు, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన పొరుగింటి అమ్మాయి, అందరికీ ఆ బండే. మాలో ఒకరు స్టీరింగు పడితే మరొకరు ఖర్చుల పుస్తకము పడతారు. మా ఇద్దరికీ మాట తేడా వచ్చేది సాధారణముగా ఒక్కచోటే, బండి సామాను కొనేచోట.

కుటుంబ పత్రికలో బ్రేకులు, బేరింగుల గోల ఏమిటని ప్రియ పాఠకులు అనుకోవచ్చును. కాని ఈ రోజుల్లో పల్లెల్లో ఆటో మీద బ్రతికేవారు ఎందరు, ట్రాలీ బండి మీద పిల్లలను చదివించుకొనేవారు ఎందరు! బియ్యము కొనేటప్పుడు నాలుగు గింజలు నోట వేసుకొని చూస్తాము. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తాము. బ్రేకు సామాను దగ్గరకు వచ్చేసరికి మాత్రము మెకానిక్ చేతిలో డబ్బు పెట్టి టీ త్రాగడానికి వెళ్ళిపోయేవారే ఎక్కువ.

క్రిందటి వేసవిలో చింతూరులో మా బంధువుల ఇంట పెండ్లి. మా వైపునుండి వెళ్ళాలంటే రంపచోడవరము, మారేడుమిల్లి దాటి ఘాట్ రోడ్డు దిగవలసినదే. ఏడుగురము బయలుదేరాలి, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. మూడు వారాలు ముందుగానే బండిని షెడ్డుకు తీసుకొని వెళ్ళాము. మెకానిక్ చక్రములు విప్పి చూసి, ముందు డిస్కు ప్యాడ్లు అరిగాయని, వెనుక బ్రేకు షూలు కూడా మార్చాలని, వెనుక వీల్ సిలిండర్లు రెండూ కారుతున్నాయని, ముందు చక్రముల బేరింగులు మూలుగుతున్నాయని చీటీ వ్రాసి ఇచ్చాడు.

ఆ చీటీ పట్టుకొని రాజమండ్రిలో కౌంటరు ముందు నిలబడగానే షాపాయన అడిగిన మొదటి మాట, "కంపెనీదా మాస్టారూ, ఇంపోర్టెడ్‌దా?" అని. ఆ మాట వింటే మాకు నవ్వు వచ్చింది. మా నాన్నల కాలములో ఇంపోర్టెడ్ అంటే గొప్ప మాట. జీపుకు జపాను బేరింగు దొరికిందంటే ఊళ్ళో చెప్పుకొనేవారు. 1991 తరువాత సుంకములు తగ్గుతూ వచ్చి, 2001 ఏప్రిల్ నాటికి దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు కూడా తొలగిపోయిన తరువాత ఆ మాటకు అర్థము మెల్లగా తిరగబడింది. ఇప్పుడు కౌంటరు మీద ఇంపోర్టెడ్ అంటే చవకది అని అర్థము.

షాపాయన రెండు వరుసలుగా ధరలు వ్రాశాడు. మన దేశపు పేరున్న కంపెనీల సామాను అయితే ప్యాడ్లు 820, షూలు 780, సిలిండర్లు రెండూ కలిపి 900, బేరింగుల జత 1,500. మొత్తము 4,000 రూపాయలు. ఇంపోర్టెడ్ అయితే 300, 350, 420, 560. మొత్తము 1,630. తేడా 2,370 రూపాయలు. కొందరికి ఇది పెద్ద సొమ్ము కాకపోవచ్చును. మా ఇంట్లో అది పిల్లల స్కూలు బస్సుకు రెండు నెలల డబ్బు. పుస్తకము పట్టుకొన్నవారు తేడా క్రింద గీత గీశారు. స్టీరింగు పట్టేవారు ఘాట్ రోడ్డును తలచుకొన్నారు. ఇద్దరిలో ఎవరి మాటా తీసివేయదగినది కాదు.

మొదట మాకు తోచినది దేశాభిమానము మాట. మనదే కొందాము, మనవారి కడుపే నిండుతుంది అని. మంచి మాటే గాని, కొంచెము లోతుగా చూస్తే అది అంత తిన్నని లెక్క కాదు. వాహన భాగముల తయారీదారుల సంఘము లెక్క ప్రకారము 2023-24లో మన దేశము 21.2 బిలియన్ డాలర్ల సామాను బయటి దేశములకు పంపి, 20.9 బిలియన్ డాలర్ల సామాను బయటనుండి తెచ్చుకొన్నది. అంటే ఇచ్చింది, పుచ్చుకొన్నది దాదాపు సమానము. పెనుకొండ దగ్గర 2019లో కార్ల తయారీ మొదలుపెట్టినది కొరియా కంపెనీ. దానికి భాగములు చేసి ఇవ్వడానికి కొరియా కంపెనీలు కొన్ని ఆ చుట్టుప్రక్కలకే వచ్చాయి. అక్కడ పనిచేసేవారిలో మన పిల్లలున్నారు. ఆ సామాను స్వదేశీయా, విదేశీయా? చైనావారి సంగతి కూడా అంతే. ప్రపంచములోని పెద్ద పెద్ద కార్ల కంపెనీలకు వారు మంచి సామాను చేసి ఇస్తూనే ఉన్నారు. మన కౌంటరుకు వచ్చే మూడు వందల ప్యాడ్లు అలా ఉండడానికి కారణము ఆ దేశము కాదు. ఇంతకంటే తక్కువ ధరకు చేసి పెట్టండి అని ఇక్కడినుండి వెళ్ళిన ఆర్డరు.

మన దేశపు సామానును తక్కువగా చూసే అలవాటు మనలో ఇంకా పోలేదు. అందుకు ఒకటి రెండు సంగతులు చెప్పాలి. 1990లలోనే మద్రాసునుండి అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు రేడియేటర్ మూతలు వెళ్ళేవి. నాణ్యత విషయములో జపానువారు ఇచ్చే డెమింగ్ బహుమానము 1998లో సుందరం క్లేటన్‌కు వచ్చింది, మన దేశములో అదే మొదటిది. బ్రేకు లైనింగులు చేసే సుందరం బ్రేక్ లైనింగ్స్‌కు 2001లో వచ్చింది. మన బండిలోని బ్యాటరీ తిరుపతి దగ్గర కరకంబాడినుండి వచ్చినదైనా కావచ్చును. మా మెకానిక్ ఇప్పటికీ ప్లగ్గును మైకో ప్లగ్గు అనే అంటాడు. బెంగుళూరులోని ఆ కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారిందని చెప్పినా వినడు. ఇంత పేరు ఉన్నది గనుకనే ఆ పేర్లను దొంగిలించేవారు కూడా ఉన్నారు.

దొంగతనము అనే మాట ఊరకే వాడలేదు. ఆ రోజు మేము చివరకు కంపెనీ ప్యాడ్లే అడిగాము. బాగా పేరున్న డబ్బా తెచ్చి ముందు పెట్టారు. డబ్బు లెక్కపెడుతుండగా మాలో పుస్తకము పట్టేవారు డబ్బాను త్రిప్పి త్రిప్పి చూశారు. తయారైన నెల లేదు. తయారీదారుని చిరునామా సగము చెరిగిపోయినట్టు ముద్రపడి ఉన్నది. ఇంగ్లీషులో బ్రేక్ అనే మాటకు ఒక అక్షరము తప్పు. బడికి వెళ్ళే పిల్లల ఇంట్లో ఉన్నవారి కంటికి ఆ తప్పే ముందు కనబడింది. ప్యాడు బయటికి తీస్తే దాని అంచు మీద ఏ అక్షరములూ లేవు.

షాపాయన ముఖము చిన్నబోయింది. "మాకు ఇచ్చినతను బిల్లు లేకుండా ఇరవై డబ్బాలు వేసి వెళ్ళాడమ్మా, మేము కూడా పేరు చూసి తీసుకొన్నాము" అన్నాడు. ఆయన మాట నిజమే అని మాకు తోచింది. ఎందుకంటే వెంటనే ఆ వరుస డబ్బాలన్నీ దింపి బల్ల క్రింద పెట్టించాడు. వేరొక పంపిణీదారుని దగ్గరనుండి బిల్లుతో వచ్చిన డబ్బా తెచ్చి, రెండూ ప్రక్కప్రక్కన పెట్టి చూపించాడు. అట్టలో, రంగులో తేడా అరచేతి దూరములో కూడా తెలియదు. ఆ సంగతి చూసిన తరువాత మాకు స్వదేశీయా, విదేశీయా అనే ప్రశ్న వెనుకకు పోయింది. ఈ సామాను నాది అని ఒప్పుకొని నిలబడేవాడు ఎవరు అనే ప్రశ్న ముందుకు వచ్చింది. మన పేరు పెట్టుకొన్న దొంగ డబ్బాకంటే, తెచ్చినవాని పేరు, ఊరు స్పష్టముగా ఉన్న విదేశీ డబ్బా వెయ్యిరెట్లు నయము.

ఇలా చూడడానికి చట్టము మనకు కొంత సాయము చేసింది. 2011నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారము డబ్బా మీద తయారీదారుని లేక దిగుమతిదారుని పేరు, చిరునామా, నెల, సంవత్సరము, గరిష్ఠ ధర ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశములో తయారైందో కూడా ఉండాలి. బిల్లు మాత్రము అడిగి తీసుకోవాలి. "బిల్లు అయితే జీఎస్టీ పడుతుందండీ" అని షాపులవారు భయపెడతారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వాహన భాగములలో ఎక్కువవాటి మీద 28 శాతము ఉండేది గనుక ఆ మాటలో కొంత బరువు ఉండేది. 2025 సెప్టెంబరు 22నుండి అన్నిటి మీదా 18 శాతమే అయింది. సరుకులోని లోపము వలన మనిషికి హాని జరిగితే తయారుచేసినవాడు, అమ్మినవాడు జవాబుదారులు కావచ్చునని 2019నాటి వినియోగదారుల చట్టము చెబుతున్నది. బిల్లు లేకపోతే అమ్మినవాడు ఎవరో, కొన్నవాడు ఎవరో నిరూపించడము కష్టము.

ప్యాడు అంచు మీది అక్షరముల సంగతి మా మెకానిక్ చెప్పినదే. ఇంగ్లీషులో రెండు అక్షరములు ప్రక్కప్రక్కన అచ్చు వేసి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో ప్యాడు ఎంత గట్టిగా పట్టుతుందో చెబుతుంది, రెండవది బాగా వేడెక్కినప్పుడు ఎంత పట్టుతుందో చెబుతుంది. ఇ కంటే ఎఫ్ ఎక్కువ పట్టు, ఎఫ్ కంటే జి ఎక్కువ. అక్షరములు ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, దొంగవాడు అవి కూడా అచ్చు వేయగలడు. కాని అసలు లేనిదానిని ఘాట్ రోడ్డు మీదికి తీసుకొనిపోకూడదని మేము నిర్ణయించుకొన్నాము.

ఘాట్ రోడ్డు మాట ఎందుకు పదే పదే అంటున్నామంటే, చవక ప్యాడు ఊళ్ళో మంచిదానివలెనే పనిచేస్తుంది. సంతకు వెళ్ళి వస్తే తేడా తెలియదు. ప్యాడులోని పొడులను బిగించి ఉంచేది ఒక రకమైన బంక. మైళ్ళ తరబడి దిగుతూ బ్రేకు నొక్కుతూ ఉంటే ఆ బంక వేడికి ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి ప్యాడుకూ డిస్కుకూ మధ్య పొరలాగా నిలుస్తుంది. పెడలు కాలి క్రింద గట్టిగానే ఉంటుంది, బండి మాత్రము ఆగదు. మంచి ప్యాడుకు కూడా ఒక హద్దు ఉన్నది, చవకదానికి ఆ హద్దు ముందే వచ్చేస్తుంది. బ్రేకు ఆయిలు పాతదైతే ఇంకొక ప్రమాదము. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది, వేడికి మరుగుతుంది, అప్పుడు పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేండ్లకు ఒకసారి మార్చే ఆయిలుకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. దానిని ఎందుకు వదిలేస్తామో తెలియదు. ఎంత మంచి సామాను వేసినా దిగేటప్పుడు రెండవ గేరులో ఇంజనుకే భారము అప్పగించి, బ్రేకును అప్పుడప్పుడు మాత్రమే వాడాలి.

బేరింగుల విషయము మరీ కష్టము. ప్యాడుకు అక్షరములైనా ఉన్నాయి. బేరింగు మంచిదీ చెడ్డదీ ఒకేలా మెరుస్తాయి. ఉక్కు ఎటువంటిది, దానిని ఎలా కాల్చి గట్టిపరచారు అన్నది కంటికి కనబడదు. అక్కడ తయారీదారుని పేరు తప్ప మనకు వేరే ఆధారము లేదు. అందుచేత ఆ నాలుగు వస్తువులూ 4,000 పెట్టి కొన్నాము. షోరూములో కారు కంపెనీ డబ్బా అడిగితే ఇంకా ఎక్కువ చెప్పారు. ఆ డబ్బాలోని సామాను కూడా చాలా మట్టుకు బయటి తయారీదారులు చేసి ఇచ్చేదే. అదే తయారీదారు తన పేరుతో అమ్మితే ధర తగ్గుతుంది. విడిభాగములు బయట దొరకకుండా అడ్డుపడుతున్నారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. తరువాత అప్పీళ్ళు నడిచాయి. మన వంటివారికి అందులోనుండి తెలిసేది ఒక్కటి, షోరూము డబ్బా ఒక్కటే మంచిది అనే మాట పూర్తిగా నమ్మనక్కరలేదని.

సామాను పెండ్లికి వారము ముందుగా వేయించాము. క్రొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదగడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా నడపాలని మెకానిక్ చెప్పాడు. పెండ్లికి వెళ్ళేటప్పుడు ఘాట్‌లో మా ముందు ఒక బండి బ్రేకులు కాలిన వాసన చాలాసేపు మా మీదికి వచ్చింది. వారు ప్రక్కకు ఆపి చల్లార్చుకొన్నారు, క్షేమముగానే వచ్చారు. పుస్తకము పట్టేవారు ఆ వాసన వచ్చినంతసేపూ ఏమీ మాట్లాడలేదు.

మా మెకానిక్ గురించి కూడా చెప్పాలి. సామాను మీద షాపులవారు మెకానిక్‌కు శాతము ఇవ్వడము చాలాచోట్ల ఉన్నదే. పేరులేని సామాను మీద లాభము ఎక్కువ గనుక శాతము కూడా ఎక్కువ. ఒకనాడు అతనే తెగించి అన్నాడు. "అన్నయ్యా, వదినగారూ, సామాను మీరే కొనుక్కురండి. నా మజూరీ మాత్రము బేరమాడకుండా ఇవ్వండి. అప్పుడు నేను ఎవరి డబ్బాకూ వంత పాడనక్కరలేదు." ఆ మాట మాకు బాగా నచ్చింది. మజూరీలో వంద తగ్గించుకొని, ఆ వందను అతడు ఎక్కడనుండి రాబట్టుకోవాలో మనమే దారి చూపిస్తున్నాము గదా!

అతని దగ్గర పనిచేసే కుర్రవాడు డ్రమ్ము విప్పి, లోపలి దుమ్మును గొట్టముతో ఊదేస్తుంటే మేము ఆపాము. బ్రేకు లైనింగులలో పూర్వము ఆస్‌బెస్టాస్ వేసేవారు. అది ఊపిరితిత్తులకు కాన్సరు తెస్తుంది. ఇప్పుడు పేరున్న కంపెనీలు ఆస్‌బెస్టాస్ లేదని డబ్బా మీద వ్రాస్తున్నాయి. పేరు లేని డబ్బాలో ఏమున్నదో ఎవరికి తెలుసు? తడిగుడ్డతో తుడవమని చెప్పాము. కుర్రవాడు మొదట నవ్వాడు, తరువాత తుడిచాడు. సామాను చవక అయినప్పుడు ఆ తక్కువైన డబ్బు ఒక్కొక్కసారి అటువంటి పిల్లవాని ఊపిరినుండి వస్తుంది.

అన్నీ ఖరీదైనవే కొనాలని మేము చెప్పడము లేదు, మా సంపాదనకు అది కుదరదు కూడా. బండిని ఆపేది, త్రిప్పేది, నేలకు పట్టి ఉంచేది, ఈ మూడింటిలో మాత్రము చవక చూడము. అంటే బ్రేకులు, స్టీరింగు బాల్ జాయింట్లు, బేరింగులు, టైర్లు. టైరు ప్రక్క భాగము మీద ఐఎస్ఐ గుర్తు చూడకుండా డబ్బు ఇవ్వము. సీటు కవర్లు, కాళ్ళ క్రింది మ్యాట్లు, ఫోను పెట్టుకొనే పట్టీ, డోరు హ్యాండిలు, హారను, ఇవి ఎక్కడినుండి వచ్చినా మాకు ఫరవాలేదు. చెడిపోతే విసుగు వస్తుంది, అంతే. వైపరు బ్లేడ్లను మాలో ఒకరు ఈ రెండవ జాబితాలో వేస్తే మరొకరు మొదటి జాబితాలోకి మార్చారు. మారేడుమిల్లి వానలో ఒకసారి చిక్కుకొన్నవారికి ఎందుకో చెప్పనక్కరలేదు. హెడ్‌లైటు బల్బుల మీద కూడా వాదన జరిగింది. బయటనుండి వచ్చే చవక బల్బులు తెల్లగా మెరిసిపోతాయి, ఎదుటివాని కండ్లు చీకట్లు క్రమ్ముతాయి. 60/55 వాట్ల హోల్డరులో 100/90 వేస్తే తీగలు కూడా కాలవచ్చును. మన దారి కనబడడానికి ఎదుటివానిని గ్రుడ్డివానిని చేయడము మాకు ఇష్టము లేక పాత రకము బల్బులే ఉంచాము.

చవక సామాను వేసుకొనే ఆటో సోదరులను తప్పుపట్టే హక్కు మాకు లేదు. రోజుకు కిస్తీ, డీజిలు పోగా మిగిలేదానిలో 4,000 ఒక్కసారి తీయడము ఎంత కష్టమో మాకు తెలుసు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు కలిసి ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకొన్నారు. నెలకు రెండు వందల చొప్పున బ్రేకు డబ్బు అని విడిగా వేసుకొని, ఎవరికి అవసరము వస్తే వారికి ముందు ఇచ్చుకొంటున్నారు. మమ్మల్ని కూడా చేర్చుకొన్నారు. మేము ఎక్కించుకొనే పెద్దవారు గాని, వారు ఎక్కించుకొనే బడిపిల్లలు గాని చక్రము లోపల ఏ డబ్బాలోని సామాను ఉన్నదో అడిగి ఎక్కరు.

ఇప్పుడు క్లచ్ పట్టు తప్పుతున్నది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది, బండి కదలదు. క్లచ్ పోతే బండి దారిలో ఆగిపోతుంది. అది ఆపేదానిలోనికి వస్తుందా, విసుగు తెప్పించేదానిలోనికి వస్తుందా అని వారము రోజులుగా మాట్లాడుకొంటున్నాము. పగలు రాజమండ్రి రోడ్డు మీద ఆగితే విసుగే. రాత్రివేళ అమ్మకు ఆయాసము వచ్చినప్పుడు ఆగితే ఆ మాట అనలేము. రెండు షాపుల ధరలూ ఖర్చుల పుస్తకములో ప్రక్కప్రక్కన వ్రాసి ఉన్నాయి. జీడిపిక్కల డబ్బు శనివారము వస్తుంది.